25:1 అంటే 25 ఎంఎల్ కాదు

సంక్రాంతి సెలవుల్లో మా బాబాయి తైవాన్ స్ప్రేయర్‌ని నేనే పాడుచేశాను. కావాలని కాదు, లెక్క తప్పి. మీలో ఎవరింట్లోనైనా అలాంటి మెషిన్ ఉంటే మళ్ళీ ఆ తప్పు జరగకూడదని ఇది రాస్తున్నా. మెకానికల్ బ్రాంచ్ వాళ్ళు నవ్వుకున్నా పర్లేదు.

మాది ఖమ్మం దగ్గర పల్లె. మిర్చి తోటకి తామర పురుగు పట్టింది, వెంటనే మందు కొట్టాలి. "ఇంజనీరింగ్ చదువుతున్నావ్‌గా, పెట్రోల్‌లో ఆయిల్ కలుపురా" అన్నాడు బాబాయి. ట్యాంక్ మీద స్టిక్కర్‌లో 25:1 అని ఉంది. నేను లీటర్ పెట్రోల్‌కి 25 ఎంఎల్ 2టీ ఆయిల్ కొలిచి మరీ పోశాను. మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు మధ్యాహ్నం శబ్దం మారింది, ఊపు తగ్గింది, ఇంజన్ ఆగిపోయింది. స్టార్టర్ తాడు లాగితే కదల్లేదు.

ఎందుకలా అయిందో మెకానిక్ ఇంజన్ విప్పాక అర్థమైంది. మన బైకులు ఫోర్ స్ట్రోక్. వాటిలో ఇంజన్ ఆయిల్ విడిగా కింద ఉంటుంది. టూ స్ట్రోక్ స్ప్రేయర్‌లో అలా ఉండదు. పెట్రోల్, గాలి, ఆయిల్ కలిసి ముందు క్రాంక్ కేస్‌లోకి వెళ్తాయి. దారిలో ఆ ఆయిలే బేరింగులకి, పిస్టన్‌కి, సిలిండర్ గోడకి పూతలా పట్టుకుంటుంది. తర్వాత పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. అంటే మనం కలిపేదే దానికున్న ఒకే ఒక్క ఆయిల్. అది తగ్గితే రాపిడికి వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మా పిస్టన్ నిండా నిలువు గీతలే.

ఇప్పుడు లెక్క. 25:1 అంటే 25 వంతుల పెట్రోల్‌కి 1 వంతు ఆయిల్. లీటర్ అంటే 1000 ఎంఎల్, దాన్ని 25తో భాగిస్తే 40 ఎంఎల్. నేను పోసింది 25, అంటే 40:1. కావాల్సిన దాంట్లో మూడో వంతు కంటే ఎక్కువే కోత పెట్టాను! 50:1 అయితే లీటర్‌కి 20 ఎంఎల్ చాలు. నంబర్ పెరిగేకొద్దీ ఆయిల్ తగ్గుతుంది, ఇది గుర్తుంచుకోండి. మన కోడ్‌లో లాజిక్ తప్పయితే ఎర్రర్ రాదు కదా, రన్ అవుతూనే ఉంటుంది. ఇదీ అంతే.

అలాగని భయంతో ఎక్కువ పోసినా తిప్పలే. పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. పైగా ఆయిల్ ఎక్కువైతే అదే లీటర్‌లో పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. అందుకే మీ మెషిన్ స్టిక్కర్ మీద, మాన్యువల్‌లో ఏ నిష్పత్తి ఉందో అదే వాడాలి.

కలిపేటప్పుడు ఇవి చూసుకోండి. ట్యాంక్‌లో కాదు, విడిగా క్యాన్‌లో కలపాలి. సగం పెట్రోల్, మొత్తం ఆయిల్ పోసి ఊపి, మిగతా పెట్రోల్ పోయాలి. ట్యాంక్ నింపే ప్రతిసారీ క్యాన్ మళ్ళీ ఊపాలి. ఆయిల్‌ని మూతతో అంచనా వేయకుండా సిరంజితో కొలవండి. బైక్ ఇంజన్ ఆయిల్ వద్దు, 2టీ ఆయిలే వాడాలి. బంకు పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమని లాగుతుంది, కాబట్టి నెలలకి సరిపడా కలిపి పెట్టుకోకండి. ఇంజన్ వేడిగా ఉండగా ట్యాంక్ నింపకండి. మీ స్ప్రేయర్‌కి ఆయిల్ పోసే మూత వేరుగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్, దాని పెట్రోల్‌లో ఏమీ కలపకూడదు.

మా స్ప్రేయర్‌కి బోర్, పిస్టన్ రెండూ మార్చాల్సొచ్చింది. అది తయారయ్యేలోపు నాలుగు రోజులు పోయాయి, చివరి సాళ్ళలో ఆకు ముడుచుకుపోయింది. బాబాయి నన్నొక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. వచ్చేముందు క్యాన్ మీద మార్కర్‌తో "లీటర్‌కి 40" అని పెద్దగా రాసొచ్చాను.