తిరగేసిన పిన్

దొంగ బెదిరిస్తే ఏటీఎంలో పిన్ తిరగేసి కొట్టండి, డబ్బుతోపాటు పోలీసులూ వస్తారు! ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. పచ్చి అబద్ధం. కానీ దాని పుట్టుక నిజమే.

అమెరికాలో జోసెఫ్ జింగర్ అనే ఆయన ఈ ఆలోచనకు 1998లో పేటెంటు తీసుకున్నాడు. పిన్ 1234 అయితే 4321 కొట్టాలి. మెషిన్ మామూలుగానే నోట్లు లెక్కపెట్టి ఇస్తుంది, లోలోపల పోలీసులకు కబురు పంపుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంది. మరి 2112ను తిరగేస్తే? 7777ను? ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న మనిషికి అంకెలు వెనక్కి గుర్తొస్తాయా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరా తీసి 2010లో తేల్చిందేమిటంటే, అప్పటిదాకా ఇలాంటి ఏర్పాటు ఏ ఏటీఎంలోనూ పెట్టలేదు.

నా మటుకు అసలు చిక్కు అంకెల్లో లేదు, అవతల వినేవాడిలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ రహస్య సంస్థ ఎస్‌ఓఈ తన వైర్‌లెస్ ఆపరేటర్లకు ఒక్కో గుర్తు ఇచ్చింది. డచ్చివాడు హూబ్ లావర్స్ గుర్తు ఇది: సందేశంలో ప్రతి పదహారో అక్షరం కావాలని తప్పు రాయాలి. తప్పు లేకపోతే శత్రువుకు చిక్కాడని లెక్క. 1942 మార్చిలో హేగ్‌లో నిజంగానే చిక్కాడు. 'స్టాప్'ను 'స్టిప్' అని రాయడమే తన గుర్తని జర్మన్లను నమ్మించి, పదహారో అక్షరపు తప్పు లేకుండా సందేశాలు పంపాడు. ప్రాణాలకు తెగించి చేసిన పని. లండన్ పట్టించుకోలేదు! రేడియో సందేశాల్లో అక్షరాలు తారుమారు కావడం వాళ్లకు అలవాటే మరి. ఫలితంగా, విమానాల్లోంచి దిగిన ఏజెంట్లు యాభై మందికి పైగా నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు.

విమానం హైజాక్ అయితే పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు సంకేతం పంపే పరికరంలో) పెట్టే 7500 కోడ్ పనిచేస్తోందంటే కారణం, కింద రాడార్ తెర ముందు ఎప్పుడూ ఒకరు కూర్చుని ఉండటమే. 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పైలట్ పొరపాటున హైజాక్ హెచ్చరిక పంపితే విమానాశ్రయమంతా హడలిపోయింది.

మన ఏటీఎంకు అవతల అలా కూర్చున్నవారెవరూ లేరు. తిరగేసిన పిన్ దానికి తప్పుడు పిన్ మాత్రమే. మూడుసార్లు కొడితే కార్డు బ్లాకవుతుంది, కత్తి పట్టుకున్నవాడికి కోపం వస్తుంది. అడిగిందిచ్చి ప్రాణాలతో బయటపడండి. ఆ వెంటనే 112కు ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి.