చిన్న ఇంజన్లలో లోపాల నిర్ధారణ, పడవ నియంత్రణ భాగాల ఎంపిక

కాలువగట్టున నీరు తోడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్‌కు, కోస్తా తీరంలో ఫైబర్ పడవను నడిపే డీజిల్ ఇంజన్‌కు పనిచేసే సూత్రంలో భేదం లేదు. భేదమంతా అది ఆగిపోయే చోటులో ఉన్నది. పంపుసెట్టు ఆగితే రైతు మెకానిక్కు కోసం కబురు పంపగలడు. పొట్టదశలోని వరికి ఒకటి రెండు రోజులు నీరు ఆలస్యం కావచ్చు. మొగ దాటుతున్న పడవలో ఇంజన్ ఆగితే కెరటం పడవను అడ్డం తిప్పి బోర్లించడానికి క్షణాలు చాలు. అందుచేత తీరప్రాంతంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు, శిక్షణలో భాగంగా గ్రామాలకు వెళ్లే విద్యార్థులకు ఇంజన్ లోపాలను గుర్తించే క్రమం తెలిసి ఉండడం అవసరం.

సస్యశాస్త్రంలో విద్యార్థికి మొదట నేర్పే పాఠమొకటి ఇక్కడ ఉపకరిస్తుంది. ఆకు పసుపుబారినదని వినగానే యూరియా సిఫారసు చేయరాదు. ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే నత్రజని లోపాన్ని, లేత ఆకులలో ఈనెల మధ్యభాగం పసుపుబారితే ఇనుము లోపాన్ని అనుమానిస్తాము. ఆపై నేలను, మురుగునీటి పారుదలను పరిశీలించి నిర్ణయానికి వస్తాము. ఇంజన్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అనుమానం కలిగిన భాగాన్నల్లా మార్చడం పురుగు ఏదో తెలియకుండా మందు చల్లడం వంటిది. ఖర్చు అవుతుంది, అసలు లోపం మిగిలిపోతుంది.

తీరంలోని ఇంజన్లు

ఆంధ్ర తీరంలో అనేక మత్స్యకార గ్రామాలకు రేవు లేదు. పడవను నేరుగా ఇసుక ఒడ్డుకు చేర్చవలసిందే. 1979లో చెన్నై కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమం ఈ సమస్యపై పనిచేసి, ఒడ్డు చేరేటప్పుడు ప్రొపెల్లర్‌ను పైకి ఎత్తగలిగే డీజిల్ చోదక అమరికను రూపొందించింది. నేడు పొడవాటి షాఫ్టుతో కూడిన డీజిల్ ఇంజన్, పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజన్ అనే రెండు రకాలు చిన్న పడవలలో కనిపిస్తాయి. రెండింటికీ ఇసుక, ఉప్పునీరు, తేమ నిత్య శత్రువులు.

ఇంజన్ మొదలు కానప్పుడు

డీజిల్ ఇంజన్ నడవడానికి స్వచ్ఛమైన గాలి, ఆ గాలిపై తగినంత ఒత్తిడి, సరైన క్షణంలో ఇంధనం కావలెను. పెట్రోలు ఇంజన్‌కు వీటితోపాటు నిప్పురవ్వ కూడా కావలెను. ఏది లోపించినదో తేల్చడమే నిర్ధారణ. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఖర్చుతో కూడిన పరీక్ష వైపు సాగవలెను.

మొదట ట్యాంకులో ఇంధనం, తెరచిన కాక్, మూతలోని గాలిరంధ్రం చూడవలెను. గాలిరంధ్రం మూసుకుపోతే ఇంజన్ కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపిస్తుంది. అవుట్‌బోర్డు ఇంజన్‌లో రబ్బరు బల్బును నొక్కినప్పుడు అది గట్టిపడకపోతే గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతున్నదని, నడుస్తుండగా లోపలికి నొక్కుకుపోతే ట్యాంకు వైపు అడ్డంకి ఉన్నదని భావించవచ్చు. ఎలక్ట్రిక్ స్టార్టు గల ఇంజన్ అసలు తిరగకపోతే బ్యాటరీ టెర్మినళ్ల తుప్పును, గేరు లివర్ న్యూట్రల్‌లో ఉన్నదా అన్న విషయాన్ని చూడవలెను. ఇంజన్ తిరుగుతున్నా అందుకోకపోతే, నడిపేవాని చేతికి తగిలించే భద్రతా తాడు స్విచ్చులో సరిగా కూర్చున్నదో లేదో గమనించవలెను. ఈ చిన్న విషయాన్ని మరచి కార్బురేటర్ విప్పేవారు తక్కువేమీ కాదు.

డీజిల్ ఇంజన్‌లో తరచుగా ఎదురయ్యేది ఎయిర్ లాక్. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినప్పుడు, ఫిల్టరు మార్చినప్పుడు గొట్టంలో గాలి చేరుతుంది. ఫిల్టరుపై ఉన్న గాలి తీసే స్క్రూను వదులు చేసి బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు వదలి బిగించవలెను. తరువాత ఇంజెక్షన్ పంపు వద్ద, చివరగా ఇంజెక్టర్‌కు చేరే నట్టు వద్ద ఇదే విధంగా చేయవలెను. ఈ పనిలో చేతిని ఎన్నడూ ఇంజెక్టర్ ధారకు అడ్డు పెట్టరాదు. ఆ పీడనంలో డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం సూదిమొన అంత కనిపించినా అది అత్యవసర చికిత్స అవసరమైన ప్రమాదమే.

ఇంధనం చేరుతున్నా ఇంజన్ అందుకోకపోతే ఒత్తిడిని పరీక్షించవలెను. డీకంప్రెషన్ లివర్ ఎత్తకుండా హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు స్ప్రింగును నొక్కినట్లు ఎదురు బలం తగలవలెను. సులభంగా తిరిగిపోతే వాల్వులు, పిస్టన్ రింగులు లేదా హెడ్ గ్యాస్కెట్ వద్ద గాలి జారుతున్నదని అర్థం. ఇది మెకానిక్కు చేయవలసిన పని. అంతకుముందు పరీక్షలన్నీ పడవ యజమాని స్వయంగా చేయగలిగినవే.

పొగ రంగు చెప్పే విషయం

నల్లని పొగ ఇంధనం పూర్తిగా మండడం లేదని తెలుపుతుంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, చుక్కలుగా కారే నాజిల్, మోయలేని భారం ఇందుకు కారణాలు. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకున్నా భారం పెరిగి నల్లపొగ వస్తుంది. నాజిల్ విప్పే ముందు ఇంజన్ ఆపి ప్రొపెల్లర్ చూడవలెను. నీలిరంగు పొగ ఇంజన్ ఆయిల్ మండుతున్నదనడానికి సూచన. రింగులు, వాల్వు గైడ్లు అరిగి ఉండవచ్చు. రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్‌లో ఇంధనంలోనే ఆయిల్ కలుపుతారు గనుక కొంత నీలిపొగ సహజం. చల్లని ఉదయం కొద్దిసేపు తెల్లపొగ రావడం లోపం కాదు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్‌లో నీరు, ఇంజెక్షన్ ఆలస్యం, నీటితో చల్లబడే ఇంజన్‌లో గ్యాస్కెట్ కారడం వరుసగా పరిశీలించవలెను.

నీరు డీజిల్ కంటె బరువైనది కాబట్టి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఇంధనాన్ని డబ్బాలో ఒక రాత్రి కదలకుండా ఉంచి పైభాగాన్ని మాత్రమే వడకట్టి పోయడం, ట్యాంకు అడుగు ప్లగ్గు ద్వారా అప్పుడప్పుడు కొంత వదిలివేయడం సులభ నివారణలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. కనుక అవుట్‌బోర్డు ట్యాంకులో వారాల తరబడి పెట్రోలు నిలువ ఉంచరాదు.

వేడెక్కడం, వేగం తగ్గడం

అవుట్‌బోర్డు ఇంజన్ వెనుక నుండి సన్నని నీటిధార నిరంతరం చిమ్ముతూ ఉండవలెను. ధార సన్నబడినా ఆగినా వెంటనే ఇంజన్ ఆపవలెను. నీరు పీల్చే రంధ్రాలకు నాచు, ప్లాస్టిక్ సంచి అడ్డుపడడం సాధారణ కారణం. అది కాకపోతే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరిగి ఉంటుంది. నీరు లేకుండా ఇంజన్‌ను ఒడ్డున నడిపి చూడడం ఇంపెల్లర్‌ను క్షణాలలో పాడుచేస్తుంది. వేట ముగిసిన తరువాత మంచినీటితో శీతలీకరణ మార్గాన్ని కడగడం వలన ఉప్పు పేరుకోదు. గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్‌లో రెక్కల మధ్య చేరిన ఇసుక, నూనె జిడ్డు తొలగించవలెను.

ఇంజన్ శబ్దం పెరిగినా పడవ ముందుకు సాగకపోతే లోపం ఇంజన్‌లో కాక ప్రొపెల్లర్ వద్ద ఉన్నది. షియర్ పిన్ తెగి ఉండవచ్చు, లేదా ప్రొపెల్లర్ మధ్యనున్న రబ్బరు బుష్ జారుతూ ఉండవచ్చు. షియర్ పిన్ తాను తెగి గేర్లను కాపాడే భాగం. దాని స్థానంలో మేకును దిగ్గొట్టితే తదుపరి దెబ్బ గేరుపెట్టెకు తగులుతుంది.

నియంత్రణ భాగాలు: లోపం ఎక్కడ?

యాక్సిలరేటర్ కేబుల్, గేరు కేబుల్, వాటిని కదిలించే కంట్రోల్ బాక్సు, స్టీరింగ్ కేబుల్ పడవ నియంత్రణ భాగాలు. లివర్ బిగుసుకుపోయినప్పుడు మొత్తం మార్చనవసరం లేదు. ఇంజన్ ఆపి, ముందుగా ఇంజన్ వైపు కేబుల్ కొసను విప్పవలెను. అప్పుడు లివర్ సులభంగా కదిలితే లోపం ఇంజన్ వైపు లింకులో ఉన్నది. ఇంకా బిగువుగా ఉంటే బాక్సు వైపు కొసను కూడా విప్పవలెను. బాక్సు ఒక్కటే సులభంగా కదిలితే కేబుల్ పాడైనదని, అప్పుడు కూడా కదలకపోతే బాక్సు పాడైనదని నిర్ధారణ అవుతుంది. ఈ పరీక్షకు ఒక స్పానరు, పది నిమిషాలు చాలు.

పైతొడుగు చిట్లినా, ఉబ్బినా, కొస కడ్డీపై తుప్పు కనిపించినా కేబుల్ మార్చవలెను. అందులో నూనె పోసి నడపడం లోపలి తుప్పును తొలగించదు, తెగే సమయాన్ని వాయిదా వేస్తుంది. ఆ సమయం మొగ దాటే వేళ కావచ్చు.

సరిపోయే భాగాన్ని ఎంచుకోవడం

దుకాణానికి వెళ్లే ముందు ఇంజన్ పలకపై ఉన్న మోడల్, సీరియల్ సంఖ్యలను నోటుపుస్తకంలో వ్రాసుకొనవలెను. ఉప్పుగాలికి పలక చెరిగిపోతుంది గనుక ఈ పని ఇంజన్ కొత్తగా ఉన్నప్పుడే చేయడం మేలు. పాత కేబుల్ తొడుగుపై ముద్రించిన సంఖ్య ఉంటే అదే ప్రమాణం. లేకపోతే కేబుల్‌ను తిన్నగా పరచి ఒక కొస నుండి మరొక కొస వరకు పూర్తి పొడవు కొలవవలెను. దానితోపాటు కొసల మర, కడ్డీ లోపలికీ బయటికీ కదిలే దూరం, తొడుగును బిగించే గాడి ఆకారం నమోదు చేయవలెను. పొట్టి కేబుల్ ఇంజన్ పక్కకు తిరిగినప్పుడు లాగుకొని గేరును దానంతట అదే మార్చగలదు. అతి పొడవైనది మెలికలు పడి బిగుసుకుంటుంది. వంపులు తక్కువగా, విశాలంగా ఉండవలెను.

కంట్రోల్ బాక్సు మార్చేటప్పుడు అది కేబుల్‌ను లాగి వేగం పెంచుతుందో, నెట్టి పెంచుతుందో తెలుసుకొని ఇంజన్‌కు అనుగుణమైనదే తీసుకొనవలెను. ప్రొపెల్లర్‌పై ముద్రించే రెండు సంఖ్యలలో మొదటిది అంగుళాలలో వ్యాసం, రెండవది పిచ్. ఈ రెంటినీ మార్చకుండా కొనవలెను. బోల్టులు, పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావలెను. తుప్పును తనపైకి తీసుకొనే జింకు ముక్కకు రంగు వేయరాదు; సగం కరిగిన తరువాత మార్చవలెను. కొత్త భాగం బిగించిన పిదప ముందుకు, న్యూట్రల్, వెనుకకు మూడు స్థితులను ఒడ్డు దగ్గరి లోతులేని నీటిలోనే పరీక్షించి, ఆ తరువాతనే సముద్రంలోకి వెళ్లవలెను.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఇంజన్ల మరమ్మతుకు ఇంతకంటె అనువైన కాలం లేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ రోజులలో గ్రామస్థాయి శిబిరాలు నిర్వహించి, ప్రతి పడవకు ఒక రికార్డు పుస్తకం ప్రారంభింపజేయవచ్చు. మోడల్ సంఖ్య, కేబుల్ కొలతలు, ఆయిల్ మార్చిన తేదీ, మార్చిన భాగం, దానికి ముందు కనిపించిన లక్షణం అందులో నమోదు కావలెను. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య నౌకా సాంకేతిక శిక్షణ సంస్థ శాఖ ఈ రంగంలో శిక్షణనిచ్చే సంస్థలు. శిబిరాలకు వాటి సహకారం కోరడం ప్రయోజనకరం.

ప్రతి పడవలో అదనపు ఫిల్టరు, షియర్ పిన్నులు, గొట్టం క్లిప్పులు, స్పానర్లు, ఇంజన్ ఆయిల్, తెడ్లు, మనిషికొక లైఫ్ జాకెట్ ఉండేటట్లు శిబిరంలోనే సరిచూడవలెను. శిక్షణ ఫలితాన్ని హాజరైన వారి సంఖ్యతో కాక, ఒక్కొక్కరు స్వయంగా ఎయిర్ లాక్ తీసి, కేబుల్ కొలిచి చూపగలిగారా అన్న దానితో అంచనా వేయడం సమంజసం.