ఆకాశమార్గమున దూరము - కాలము

విశాఖపట్టణమునుండి అరకులోయకు రోడ్డుమార్గము సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి కనుమలయందు ఆ మార్గము పామువలె మెలికలు తిరుగుచు పైకి సాగును. కాని దేశపటముమీద ఈ రెండు చోట్లను సరళరేఖతో కలిపి కొలిచినచో సుమారు 80 కిలోమీటర్లే తేలును. పక్షికి కొండగాని లోయగాని అడ్డము కాదు గదా! విమానాశ్రయముల నడుమ దూరమును గణించువారు ఈ పక్షిదారినే కొలుతురు.

అయితే భూమి బల్లపరుపుగా లేదు, గుండ్రముగా నున్నది. కావున దూరదేశముల విషయమున గోడమీది పటము మనలను మోసగించును. బాలలారా! మీ పాఠశాలలోని గోళమును తీసికొని, దానిమీద రెండు నగరములను ఒక దారముతో బిగువుగా కలిపి చూడుడు. దారము పోయిన దారియే అన్నిటికంటె దగ్గరి దారి. దానికి మహావృత్తమార్గమని పేరు. ఆ మార్గమున ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల దూరముండును. డిగ్రీల నెఱిగినచో దూరమును హెచ్చవేసి తెలిసికొనవచ్చును.

దీనికి చక్కని నిదర్శనమొకటి కలదు. 2021 జనవరి 9వ తేదీ రాత్రి సుమారు 8.30 గంటలకు ఎయిరిండియా విమానమొకటి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు బయలుదేరెను. దానిని నడపినవారందఱును స్త్రీలే. జోయా అగర్వాల్ నాయకురాలు. పాపగారి తన్మయి మొదలగువారు సహచరులు. ఈ రెండు నగరములును భూగోళమున ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల నున్నవి. కావున వారు ఉత్తరధ్రువము మీదుగా వచ్చిరి. నగరముల నడుమ దూరము 13,993 కిలోమీటర్లు.

విమానము 11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలు దాటిన పిమ్మట దిగెను. గడియారముల ప్రకారము ముప్పదిగంటలకు పైగా గడచినట్లు తోచును. కాని ఆ ఋతువున మన గడియారము శాన్‌ఫ్రాన్సిస్కో గడియారముకంటె 13½ గంటలు ముందుండును. దానిని తీసివేయగా మిగిలిన సుమారు 17 గంటలే నిజమైన ప్రయాణకాలము.

దూరమును వేగముచే భాగించినంతమాత్రమున కాలము సరిగా తేలదు. విశాఖపట్టణమునకును హైదరాబాదునకును ఆకాశమార్గమున సుమారు 500 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగమున పోవు విమానమునకు నలువది నిమిషములు చాలవలెను. అయినను గంటకు మించి పట్టుచున్నది. నేలమీద పరుగిడుటకు, పైకెక్కుటకు, క్రిందికి దిగుటకు కొంత కాలము వ్యయమగును. మఱియు ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచును. అవి తూర్పునకు పోవు విమానమును తోయును. పడమటికి పోవుదానిని అడ్డగించును.

ఈ లెక్క విమానములకే పరిమితము కాదు. మన తూర్పుకనుమలలో నేటికిని సరియైన బాటలేని గిరిజన గూడెములు కలవు. అచ్చట జబ్బుపడినవారిని డోలీలో పరుండబెట్టి, బంధువులు భుజములమీద మోసికొని కొండలు దిగుదురు. పటముమీద ఆసుపత్రి కొలది కిలోమీటర్ల దూరముననే యుండును. నడకలో గంటలు పట్టును. ప్రాణమునకు కావలసినది కిలోమీటర్ల లెక్క కాదు, గంటల లెక్క. 2021 సెప్టెంబరులో తెలంగాణములోని వికారాబాదునందు మందులను, టీకాలను డ్రోనులద్వారా ఆరోగ్యకేంద్రములకు పంపి పరీక్షించుటకు కారణమిదియే. మందులను డ్రోను మోయగలదు. రోగిని మోయుటకు మాత్రము బాట కావలెను. కావున ఒక ఊరు ఎంత దూరమని యడుగునపుడు, అచ్చటికి చేరుటకు ఎంతసేపు పట్టునని కూడ అడుగవలెను.