ట్రాక్టరు ఇంజను మూతల వద్ద ఆయిల్ కారడం: గుర్తింపు, నివారణ

వికారాబాద్ జిల్లా దోమ మండలంలోను, తాండూరు పరిసరాల్లోను వర్షాధార సేద్యమే అధికం. కంది, పత్తి, మొక్కజొన్న విత్తే అదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో ట్రాక్టరు ఒక పూట ఆగినా నేలలోని తేమ ఆరిపోయి మొలక శాతం తగ్గుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది నూర్పిడి కూడా నేడు ఎక్కువగా ట్రాక్టరుతో నడిచే నూర్పిడి యంత్రాలపైనే ఆధారపడి ఉంది. ఇంతటి కీలకమైన యంత్రంలో తరచుగా కనిపించి, తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యే లోపం ఇంజను మూతలు, ప్యాకింగుల వద్ద ఆయిల్ కారడం.

బొట్టు బొట్టుగా జరిగే నష్టం

ఒక ఆయిల్ బొట్టు సుమారు 0.05 మిల్లీలీటరు ఉంటుంది. పది సెకన్లకు ఒక బొట్టు చొప్పున కారితే గంటకు 18 మి.లీ., పది గంటల దుక్కికి 180 మి.లీ. పోతుంది. ఆయిల్ మార్చడానికి చాలా ట్రాక్టర్లలో పాటించే 250 గంటల గడువులో ఈ నష్టం 4.5 లీటర్లకు చేరుతుంది. మధ్యస్థ ట్రాక్టరు చాంబరులో పట్టేది సుమారు 6 నుండి 8 లీటర్లే. కాబట్టి డిప్‌స్టిక్ చూడకుండా నడిపితే బేరింగులు అరిగి, ఇంజను పట్టేసే ప్రమాదం ఉంది.

అంతకు మించిన ముప్పు నూర్పిడి కళ్లంలో పొంచి ఉంటుంది. టాపెట్ కవరు నుండి కారిన ఆయిల్ వేడెక్కిన పొగగొట్టం మొదలుపై పడితే పొగ వస్తుంది. ఆయిల్ తడికి అంటుకున్న కంది పొట్టు, దుమ్ము ఇంజను వేడిని బయటకు పోనీయక నిప్పు అంటుకోవడానికి తోడ్పడతాయి. ఎండు కంది కట్టె చుట్టూ ఉన్నప్పుడు ఇది పంటనంతా బూడిద చేయగలదు.

కారుతున్న చోటును గుర్తించడం

ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనుకకు వ్యాపిస్తుంది. అందువల్ల బొట్టు పడే చోటే లోపం ఉందని భావించరాదు. టాపెట్ కవరు వెనుక అంచు నుండి కారిన ఆయిల్ క్లచ్ హౌసింగు కింద బొట్టుగా రాలుతుంది. దానిని క్రాంకు వెనుక సీలు లోపంగా పొరబడి, ట్రాక్టరును రెండుగా విడదీయించి, అనవసర ఖర్చుకు లోనయ్యే అవకాశం ఉంది.

ఇంజను చల్లారిన తర్వాత బ్రష్షుతో, కిరోసిన్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. అనుమానం ఉన్న అంచులపై ముఖానికి రాసే పౌడరును పలుచగా చల్లి, పది పదిహేను నిమిషాలు ఇంజను నడపాలి. పౌడరు తడిసిన చోట్లలో అన్నింటికంటే పైన, ముందు వైపున ఉన్నదే అసలు స్థానం. కారుతున్నది ఇంజను ఆయిలా, పంపు నుండి వచ్చే డీజిలా అన్నది వాసనను, జిగటను బట్టి తెలుసుకోవాలి.

ముందుగా బ్రీదరును చూడాలి

పిస్టన్ల పక్క నుండి కొంత వాయువు చాంబరులోకి దిగడం సహజం. అది బ్రీదరు గొట్టం ద్వారా బయటకు పోవాలి. దుమ్ముతోనో, మడ్డితోనో ఆ గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగుల నుండి కూడా ఆయిల్‌ను నెట్టివేస్తుంది. కావున ప్యాకింగు మార్చే ముందు బ్రీదరును కడగడం తప్పనిసరి. బ్రీదరు శుభ్రంగా ఉన్నా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు దట్టమైన పొగ గుప్పుగుప్పున వస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు అనుమానించాలి. ఆ స్థితిలో కొత్త ప్యాకింగు ఎంతోకాలం నిలువదు. గుర్తు కంటే ఎక్కువగా ఆయిల్ పోయడమూ లీకేజీకి దారితీస్తుంది.

ప్యాకింగు మార్చే విధానం

• చల్లారిన ఇంజనుపై మూత చుట్టూ ఉన్న మట్టిని తుడిచిన తర్వాతే బోల్టులు విప్పాలి.

• పాత ప్యాకింగును కట్టె లేదా ప్లాస్టిక్ చెక్కతో గీకాలి. తుంపులు ఇంజనులో పడకుండా గుడ్డ అడ్డం పెట్టి, పని ముగియగానే ఆ గుడ్డను తీసివేయాలి.

• రేకు మూత అంచును సమతలమైన అద్దంపై ఉంచి వంపు చూడాలి. బోల్టు రంధ్రాల వద్ద లోపలికి కుంగి ఉంటే మెల్లగా కొట్టి సరిచేయాలి.

• రెండు అంచులను జిడ్డు లేకుండా తుడవాలి.

• రబ్బరు ప్యాకింగును, తయారీదారు వేరుగా సూచిస్తే తప్ప, పొడిగానే అమర్చాలి. కార్కు ప్యాకింగుకు మూత వైపు మాత్రమే పలుచగా జిగురు రాస్తే మళ్లీ విప్పడం సులభం.

• బోల్టులను ముందు చేతితో, తర్వాత మధ్య నుండి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. కార్కు అమర్చినప్పుడు ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన పిదప బిగువు పరీక్షించాలి.

చేయకూడని పనులు

లీకు కనబడగానే పానాతో బలంగా బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. దీనివల్ల కార్కు చిట్లుతుంది, రేకు వంగుతుంది, లీకు మరింత పెరుగుతుంది. సిలికాన్ పేస్టును మందంగా పూయడం కూడా ప్రమాదకరమే. లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజనుకు ఆయిల్ అందదు. పేస్టు వాడవలసిన చోట 2-3 మి.మీ. సన్నని తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపున పూసి, డబ్బాపై సూచించిన సమయం వరకు ఆరనిచ్చి ఇంజను నడపాలి.

చదునైన పక్క మూతలకు ప్యాకింగు కాగితాన్ని కత్తిరించి వాడుకోవచ్చు. మందం మాత్రం పాతదానితో సమానంగా ఉండాలి. హెడ్ గ్యాస్కెట్ విషయంలో ఇట్టి ప్రయత్నం తగదు. రేడియేటరులో ఆయిల్ తేలడం, డిప్‌స్టిక్‌పై పాలవంటి నురుగు కనబడడం హెడ్ గ్యాస్కెట్ లేదా ఆయిల్ కూలరు లోపానికి సూచనలు. అప్పుడు ఇంజనును నడపక, అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు చూపాలి.

వానకాలం దుక్కులకు ముందు మే మాసంలో, కంది నూర్పిడికి ముందు డిసెంబరులో ఈ తనిఖీ చేసుకోవడం మేలు. ప్రతి ఉదయం డిప్‌స్టిక్ చూడడం, ట్రాక్టరు నిలిపిన చోట నేలను గమనించడం అలవాటుగా మారితే, కొద్దిపాటి ఖర్చుతో ఇంజనును, అదునును, కళ్లంలోని పంటను కాపాడుకోవచ్చు.