మీకు తెలుసా? మోర్మన్ గ్రంథం తెలుగు నేలకు వచ్చిందిలా!

• 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ ప్రచురించిన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఒక బాప్టిస్టు పాదిరి, పి. శ్రీనివాసం.

• ఆయన కూతురు ఎల్సీ, అల్లుడు ఎడ్విన్ ధర్మరాజు సమోవాలో ఉండగా, ఆ గ్రంథాన్ని పవిత్రంగా భావించే మోర్మన్ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి, 22 మంది బంధువులకు బాప్తిస్మమిచ్చారు.

• నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వరాదన్న నిషేధాన్ని ఆ సంఘం ఎత్తేసిందీ 1978 జూన్‌లోనే. నల్లని చర్మం శాపానికి గుర్తన్న పాత వాదాలను 2013లో బహిరంగంగా తోసిపుచ్చింది. పుట్టుకతో మనిషికి విలువకట్టే ఏ వ్యాఖ్యానాన్నైనా ప్రశ్నించాల్సిందే.

• భారత్‌లో మోర్మన్ల తొలి ‘స్టేక్’, అంటే స్థానిక సంఘాల సముదాయం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే.