ఆరిన కొలిమికి వెలుగే సాక్షి

రెప్పపాటులో కోటానుకోట్లవ వంతైనా నిలవని పదార్థం వేడిని ఎలా కొలుస్తారని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పాఠకుడి ప్రశ్న. జవాబు బికాశ్ సిన్హా దగ్గర మొదలవుతుంది. కలకత్తా సైక్లోట్రాన్ కేంద్రాన్ని నడిపి, భార అయాన్ల పరిశోధనలో దశాబ్దాలు గడిపి, 2010లో పద్మభూషణ్ అందుకుని, 2023 ఆగస్టులో కన్నుమూశారాయన. సీసం, బంగారం వంటి కేంద్రకాలను కాంతివేగానికి చేరువలో ఢీకొట్టిస్తే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు, గ్లువాన్ల ముద్ద అవుతాయి; పాఠకుడు అడిగిన పదార్థం అదే. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో దొరికేదే.

అసలు అందం ఆ ముద్ద కబురు బయటికి వచ్చే తీరులో ఉంది. స్టేషన్ గేటు దాటే ప్రయాణికుడి నలిగిన చొక్కా గేటు దగ్గరి తోపులాట గురించే చెబుతుంది, బండిలో ఏం జరిగిందో చెప్పదు. పయాన్ల వంటి కణాలూ అంతే, చివరిదాకా గుద్దుకుంటూ వచ్చి చివరి క్షణం సంగతే చెబుతాయి. క్వార్కులు గుద్దుకున్నప్పుడు పుట్టే ఫోటాన్‌కు బలమైన కేంద్రక బలంతో పని లేదు. కనుక ఇంజన్ కూతలా నేరుగా బయటపడుతుంది, పుట్టినచోటి వేడిని మోసుకొస్తుంది. సిన్హా 1980ల నుంచీ పట్టుకున్న సూత్రం ఇదే. ఆ ముద్ద వాయువులా ఉంటుందని చాలామంది పొరబడ్డారు. అది దాదాపు ఘర్షణ లేని ద్రవమని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల 2005లో ప్రకటించింది. అలా సాఫీగా పారాలంటే కణాల మధ్య పట్టు గట్టిగా ఉండాలి; పట్టు అంత గట్టిదైతే దానికి చిక్కని ఫోటాన్ సాక్ష్యం విలువ ఇంకా పెరిగినట్టే.

ఆక్షేపణలు లేకపోలేదు. పట్టుబడే ఫోటాన్లలో అత్యధికం తటస్థ పయాన్లు విరిగినప్పుడు పుట్టినవే. నిజమే, అందుకే వాటిని లెక్కగట్టి తీసేస్తారు. అలా తీసేశాక కూడా మిగులు ఉందని సెర్న్‌లోని డబ్ల్యూఏ98 బృందం 2000లో చూపింది. ఫోటాన్ల సంఖ్యను లెక్కించే పరికరాన్ని ఆ ప్రయోగానికి కట్టినవారు మనవాళ్లే. రెండో ఆక్షేపణ గట్టిది: ఎదురొచ్చే రైలు కూత హెచ్చు శ్రుతిలో వినిపించినట్టే, ఉబ్బుతూ దూసుకొచ్చే ద్రవం వెలువరించిన ఫోటాన్ ఉన్నదానికన్నా వేడిగా కనిపిస్తుంది. 2010లో బ్రూక్‌హేవెన్‌లోని ఫీనిక్స్ బృందం కొలతలో తేలిన దాదాపు 2.5 లక్షల కోట్ల డిగ్రీలను అందుకే యథాతథంగా తీసుకోకూడదు. అయితే ఆ ఉబ్బును లెక్కలోకి తీసుకున్న నమూనాలు కూడా, ముద్ద మొదట్లో అంతకన్నా వేడిగా ఉంటేనే ఈ ఫోటాన్లు వస్తాయంటున్నాయి. సాక్షి యాస మారింది కానీ సాక్ష్యం మారలేదు.

ఈ పరిశోధనల వల్ల ఉపయోగమేమిటనే ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. అయాన్లను ఉరికించే యంత్రాల ఉపయోగం చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. బిలాస్‌పూర్‌లోనే, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో 30 లక్షల వోల్టుల పెల్లెట్రాన్ ఉంది. దాని అయాన్ల శక్తి సెర్న్ ముందు లెక్కలోకే రాదు, అయినా పదార్థాల గుట్టు విప్పడానికి అక్కరకొస్తుంది. సిన్హాకు నివాళి అర్పించాలనుకునే విద్యార్థులు ముందు ఆ యంత్రాన్ని చూసి రండి.