వారంటు లేకుండా ఫోన్లు వింటే జనం ఒప్పుకుంటారా?

2005 డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక రహస్యాన్ని బయటపెట్టింది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత అధ్యక్షుడు జార్జ్ బుష్ ఇచ్చిన ఉత్తర్వుతో అమెరికా జాతీయ భద్రతా సంస్థ, అంటే ఎన్‌ఎస్‌ఏ, దేశంలోని కొందరు విదేశాలతో మాట్లాడే ఫోన్లు వింటోంది, వారి ఈ-మెయిళ్లు చదువుతోంది. దేనికీ కోర్టు వారంటు లేదు. ఇది సబబేనా అని సర్వే సంస్థలు వెంటనే జనాన్ని అడిగాయి. జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు.

అసలు వారంటు ఎందుకు?

పోలీసుకు అనుమానం ఉండటం సహజం. ఆ అనుమానానికి ఆధారం ఉందో లేదో అతనే తేల్చుకుంటే అడ్డుకునేవారు ఉండరు. అందుకే ఆ పని న్యాయమూర్తికి అప్పగించారు. ఫోన్ సంభాషణకూ ఈ రక్షణ ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. అప్పటికే ఎఫ్‌బీఐ మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు వినేది. పౌరహక్కుల ఉద్యమ నాయకుడి మీద కూడా భద్రత పేరుతోనే నిఘా పెట్టారు. 1975, 76లలో సెనేట్ కమిటీ ఇలాంటి ఉదంతాలెన్నో వెలికితీసింది. ఆ అనుభవంతోనే 1978లో విదేశీ గూఢచర్య నిఘా చట్టం వచ్చింది. దాని కింద రహస్యంగా విచారించి అనుమతులిచ్చే ప్రత్యేక కోర్టు ఏర్పడింది.

కోర్టుకు వెళ్తే ఆలస్యం కాదా?

ప్రభుత్వం చెప్పుకున్న కారణాల్లో ఇదొకటి. కానీ ఆ చట్టం అత్యవసరానికీ దారి ఉంచింది. అటార్నీ జనరల్ అనుమతితో ముందు వినడం మొదలుపెట్టి, 72 గంటల్లోగా కోర్టుకు దరఖాస్తు చేసుకునే వీలు అప్పట్లో ఉండేది. కాబట్టి తేడా వేగం దగ్గర లేదు. తర్వాతైనా న్యాయమూర్తికి లెక్క చెప్పాలా, అక్కర్లేదా అన్న దగ్గరే ఉంది.

సర్వేలు తలో మాట ఎందుకు చెప్పాయి?

ప్రశ్నలు వేరు కాబట్టి. విదేశాల్లోని ఉగ్రవాద అనుమానితులతో అమెరికాలోని వారు మాట్లాడే ఫోన్లను వినవచ్చా అని రాస్ముసెన్ సంస్థ అడిగితే 64 శాతం సరేనన్నారు. ఆ ప్రశ్నలో వారంటు మాటే లేదు. అలాంటి నిఘాకే వారంటు తప్పనిసరి చేయాలా అని అసోసియేటెడ్ ప్రెస్–ఇప్సోస్ సర్వే అడిగితే 56 శాతం చేయాలన్నారు.

2006 జనవరిలో న్యూయార్క్ టైమ్స్–సీబీఎస్ సర్వే ఒకే విషయాన్ని రెండు రకాలుగా అడిగింది. ఉగ్రవాద ముప్పు తగ్గించేందుకే వారంటు లేకుండా విన్నారని చెప్పి అడిగినప్పుడు 53 శాతం సమర్థించారు. ఆ కారణం చెప్పకుండా అడిగినప్పుడు సమర్థన 46 శాతానికి పడిపోయింది.

జనం నిలకడ లేనివారని దీనికి అర్థం కాదు. బాంబు పేలకూడదని వారు కోరుకుంటారు, తమ మాటలు దొంగచాటుగా వినకూడదనీ కోరుకుంటారు. ప్రశ్న ఏ కోరికను తట్టిలేపితే ఆ జవాబు వస్తుంది.

పార్టీ ప్రభావం ఎంత?

చాలా ఎక్కువ. 2006 జనవరిలో, రిపబ్లికన్ అయిన బుష్ పాలనలో, ఎన్‌ఎస్‌ఏ నిఘా ఆమోదయోగ్యమేనన్న వారు రిపబ్లికన్లలో 75 శాతం, డెమొక్రాట్లలో 37 శాతం. 2013లో ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగి ఎడ్వర్డ్ స్నోడెన్ ఆ సంస్థ నిఘా గురించి వెల్లడించిన విషయాల మీద ప్యూ సంస్థ, వాషింగ్టన్ పోస్ట్ కలిసి సర్వే చేశాయి. అప్పుడు అధ్యక్షుడు డెమొక్రాట్ అయిన ఒబామా. డెమొక్రాట్లలో ఆమోదం 64 శాతానికి పెరిగింది, రిపబ్లికన్లలో 52కి తగ్గింది. 2013 నాటి ప్రశ్న రహస్య కోర్టు ఉత్తర్వులతో సేకరించిన కాల్ రికార్డుల గురించి అన్నది నిజమే. కానీ ఆ తేడా ఒక్కటే కారణమైతే రెండు పార్టీల వారి అభిప్రాయమూ ఒకే వైపు జరగాలి. ఇక్కడ ఎదురెదురుగా కదిలింది. మన నాయకుడు వింటే భద్రత, ఎదుటి నాయకుడు వింటే అన్యాయం అనుకున్నవారు చాలామందే ఉన్నారు.

‘నేను తప్పు చేయలేదు, నాకేం భయం?’ అనుకోవచ్చా?

తప్పేమిటో నిర్ణయించేది వినేవాడైనప్పుడు ఆ ధీమా పనికిరాదు. పైగా మన ఫోన్ ఒక్కటే కాదు కదా. విలేకరికి సమాచారం ఇచ్చేవారు, లాయరుతో మాట్లాడే కక్షిదారు, ప్రతిపక్షంలో పనిచేసే కార్యకర్త నోరు మూసుకుంటే నష్టం అందరిదీ.

మన దేశంలో ఎలా?

ఇక్కడ న్యాయమూర్తి వారంటు అనే అంచె లేనే లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికే ఇచ్చింది. 1996లో సుప్రీంకోర్టు హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలని, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలని ఆదేశించింది. ఆ కమిటీలో ఉండేదీ ఉన్నతాధికారులే. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు ప్రకటించింది. 2024లో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అయితే ఇది అమెరికాకే పరిమితమైన గొడవ కాదని మాత్రం ఆ కేసు తెలుగువారికి గుర్తుచేసింది.

మరి ఇలాంటి సర్వేను ఎలా చదవాలి?

శాతం చూసే ముందు ప్రశ్న చదవండి. అందులో ఉగ్రవాదం ఉందా, వారంటు ఉందా, ఆ రోజు అధికారంలో ఎవరున్నారు అని చూడండి. ఆ తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: నేను ఓటు వేయని పార్టీ చేతిలో ఈ అధికారం ఉన్నా ఒప్పుకుంటానా? ఒప్పుకోకపోతే, మీరు ఓటేసిన పార్టీకీ ఇవ్వకండి.